నూతినీళ్ల వెలుగు

పోయినవారం లావణ్యని ల్యాబ్‌లో వదిలి వచ్చాం. కిటికీలు మూసిన గది. చేతిలో గాజుగొట్టం. అందులో చిటికెడు తెల్లపొడి, అతినీలలోహిత దీపం కింద పెట్టగానే దానిమ్మ గింజలా ఎర్రగా వెలిగింది. నాలుగేళ్లుగా ఆమె చేతిలో ఒక్కసారీ వెలగని పొడి అది. ఆ రోజు ఆమె కొత్తగా చేసింది ఒక్కటే. పొడి కడిగే నీళ్లలో ఒక చుక్క పర్మాంగనేటు కలిపింది.

ఆ ఆలోచన పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఇంట్లో పెద్దావిడ, భర్త నాయనమ్మ సంపూర్ణమ్మగారు బట్టలు మడత పెడుతూ చెప్పిన పాత కబురులోంచి వచ్చింది. వాళ్లంతా ధవళేశ్వరం దిగువన, ఏటిగట్టు పక్క ఇంట్లో ఉండే రోజుల్లో ఒక ఏడు గోదావరి పొంగి వరదనీళ్లు నూతిలోకి దిగాయి. పంచాయతీవాళ్లు వచ్చి నూతిలో పర్మాంగనేటు మందు వేసి వెళ్లారు. నీళ్లు వంకాయ రంగుకి తిరిగాయి. ఆ నీళ్లలో జాడించిన ఆవిడ తెల్లచీర, చర్చికి కట్టుకునే చీర, గోధుమరంగు మరకలు పట్టి ఎన్ని ఉతుకులు ఉతికినా వదల్లేదు. "మీ అత్తయ్య ఆ నీళ్లే క్యాన్లలో పట్టుకుని కాలేజీకి తీసుకెళ్లేది బుల్లీ. అక్కడ కరెంటు లేదంట, నీళ్లు కాచే మిషను ఆడట్లేదంట" అని ముసలావిడ మాటల్లో మాటగా అంది.

అత్తయ్య అంటే డాక్టర్ రత్నమాణిక్యం. రాజమండ్రి పొలిమేరలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. లావణ్యకి ముందు గైడు, ఏడాదిన్నరగా అత్తగారు కూడా. ఆ వరద ఏడు చేసిన పొడే ఆవిడకి పేరు తెచ్చింది. ఇంకే లోహమూ కలపకుండానే కాల్షియం సిలికేట్ తనంతట తాను ఎర్రగా వెలుగుతుందని ఆవిడ రాసిన పేపరు దేశదేశాలు తిరిగింది. ఒకరి పేపరుని ఇంకొకరు తమ పేపరులో పేరు పెట్టి చెప్పుకుంటే దాన్ని సైటేషన్ అంటారు. పెళ్లిలో పులిహోర బాగుందని ఒకరు, ఉప్పెక్కువైందని ఒకరు అన్నా వంటావిడ పేరు రెండుసార్లు వినబడినట్టే. ఇక్కడా అంతే. మాకా వెలుగు రాలేదు అని రాసినవాళ్లు కూడా ఆవిడ ఖాతాలో ఒకటి వేసినవాళ్లే. ఈ నెలలో ఆ సంఖ్య వెయ్యి దాటింది. రేపు ఆదివారం సాయంత్రం కాకినాడలో ఆవిడకి సన్మానం.

ఈ శనివారం మధ్యాహ్నం లావణ్య ఆ గాజుగొట్టం చున్నీ కొంగులో చుట్టుకుని ఇంటికి వచ్చింది. ఆమె గుండెల్లో ఉన్నది కోపం కాదు. జాలి. ఇంత పేరున్న మనిషికి, అదీ సన్మానం ముందురోజు, నీ వెలుగు వరద మందులోంచి వచ్చిందమ్మా అని ఎలా చెప్పడం? బస్సులో వస్తున్నంతసేపూ మాటలు కూర్చుకుంది, చెరిపేసింది, మళ్లీ కూర్చుకుంది.

రత్నమాణిక్యం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. రేపు చర్చి అయ్యాక భోజనాలకి చుట్టాలు వస్తారు. బొటనవేలి గోటితో రొయ్య వీపు చీల్చి నల్లటి నరాన్ని ఒక్క లాగుతో తీసి పక్కన పడేస్తోంది. తెగకుండా, చితక్కుండా. ఆ చేతుల గురించి డిపార్ట్‌మెంటులో కథలు చెప్పుకుంటారు. మేడమ్‌గారి హస్తవాసి అంటారు. అదే సీసాలు, అదే కొలతలు, అదే కొలిమి. ఆవిడ చేస్తే వెలిగింది, ఇంకెవరు చేసినా వెలగదు. ఆవకాయ ఒకరి చేతిలో ఏడాది నిలుస్తుంది, ఒకరి చేతిలో నెలకే బూజు పడుతుంది, దానికేం కారణం చెబుతాం అని ల్యాబ్ అటెండరు దగ్గర్నుంచి డీన్‌గారి దాకా అందరూ నమ్మారు. సైన్సు చదువుకున్నవాళ్లే నమ్మారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కాలేజీలో మేడమ్, గుమ్మం దాటితే అత్తయ్యగారు. కాలేజీ మాట ఇంట్లోకి రాకూడదు.

"అత్తయ్యగారూ, ఒక మాట. ల్యాబ్ సంగతి."

"ఇంట్లో ల్యాబ్ లేదు లావణ్యా."

"ఇంట్లోనే ఉందండి. అందుకే ఇక్కడ చెబుతున్నాను."

రత్నమాణిక్యం తలెత్తలేదు. కానీ వద్దనలేదు. లావణ్య ఎదురుగా కూర్చుని మెల్లగా అంతా చెప్పింది. పెద్దావిడ చీర సంగతి, నూతి సంగతి, తను కలిపిన చుక్క సంగతి. ఆ రోజుల్లో స్వచ్ఛంగా ఉందో లేదో చూడమని పరీక్షకి పంపింది కడగకముందరి పొడి కాబట్టి ఎవరికీ దొరకలేదని, అది ఎవరి తప్పూ కాదని, వరదలో కరెంటు లేనప్పుడు ఎవరైనా అదే చేసేవారని చెప్పింది. తప్పు తామే బయటపెట్టి దిద్దుకున్నవాళ్లని లోకం గౌరవిస్తుందని, ఇద్దరం కలిసి పత్రికకి రాద్దామని, సన్మానం కాస్త వెనక్కి జరపమందామని కూడా అంది. చివరికి గాజుగొట్టం తీసి రొయ్యల గిన్నె పక్కన పెట్టింది. అత్తగారు ఏడిస్తే చెయ్యి పట్టుకోవాలని సిద్ధంగా ఉంది.

రత్నమాణిక్యం ఇంకో రొయ్య తీసుకుంది.

"ఎన్ని చుక్కలు వేశావు?"

"ఒకటి."

"ఎక్కువైంది. సగం చాలు. ఒకటి వేస్తే మసకబారుతుంది."

లావణ్యకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు బల్ల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మీకు తెలుసా, మేడమ్?"

గుమ్మం లోపల మేడమ్ అన్నందుకు రత్నమాణిక్యం ఒకసారి చూసింది. తెలుసు అంది. కూరలో ఉప్పు చూశారా అంటే చూశాను అన్నట్టు అంది. మరుసటి వేసవికి నూతినీళ్లు తేటపడ్డాయి. దాంతో ఆవిడ చేతిలో కూడా పొడి చచ్చిపోయింది. రెండు నెలలు పిచ్చెక్కినట్టు తిరిగింది. ఒక మధ్యాహ్నం దండెం మీంచి బట్టలు తీస్తుంటే అత్తగారి తెల్లచీర చేతికొచ్చింది. ఆ గోధుమ మరకేమిటో డిగ్రీ మొదటి ఏడాది పిల్లకైనా తెలుస్తుంది. అప్పటికే పేపరు అచ్చయింది, ప్రమోషన్ వచ్చింది, ఎక్కడెక్కడివాళ్లో ఆవిడ పేరు రాస్తున్నారు. పర్మాంగనేటులో ఉండే మాంగనీసు కలిపితే ఎర్రగా వెలుగుతుందని ఆవిడ గురువుగారి గురువుగారికే తెలుసు. అది రాస్తే ఎవరిక్కావాలి?

"మరి దుర్గాశ్రీ?" అంది లావణ్య.

దుర్గాశ్రీ లావణ్య కన్నా ముందు ఆ ల్యాబ్‌లో చేసిన పిల్ల. ఆరేళ్లు చేసి, వెలగక, డిగ్రీ వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు కాకినాడలో రొయ్యల మేత కొట్లో కూర్చుంటుంది. పోయిన నెల బస్టాండులో కలిస్తే, నా చెయ్యి మంచిది కాదులేవే, నీదైనా కుదిరితే చాలు అని నవ్వింది. ఇంట్లో పిండివంట కూడా తనని ముట్టుకోనివ్వరట.

"దుర్గాశ్రీ బాగానే చేసింది పాపం" అంది రత్నమాణిక్యం. "దాని చెయ్యి నా చెయ్యి కన్నా శుభ్రం. అదే దాని ఖర్మ. ఎంత శుభ్రంగా చేస్తే అంత వెలగదు మరి."

"నా చెయ్యి మంచిది కాదన్నారు. మా అమ్మ ముందే అన్నారు."

"అన్నాను."

ఆ మాట విని వచ్చిన రోజే లావణ్య తల్లి మోకాళ్ల నొప్పులతో కోరుకొండ మెట్లెక్కింది. కూతురి చేతికి మంచి జరగాలని నరసింహస్వామికి మొక్కుకుని తాయెత్తు తెచ్చి కట్టింది. క్రైస్తవుల ఇంట్లో తాయెత్తెందుకని పెళ్లినాడు అత్తగారే దాన్ని విప్పించింది. లావణ్య ఆ మణికట్టు వైపు చూసుకుంది.

"ఎందుకండీ? నేను మీకేం చేశాను?"

రత్నమాణిక్యం చేతులు కడుక్కుంది. తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని వచ్చి మళ్లీ కూర్చుంది.

"రెండో ఏడాది నా రూముకొచ్చి ఒక మాట అడిగావు. గుర్తుందా?"

లావణ్య ఆలోచించింది. గుర్తొచ్చింది. "నీళ్లు మార్చి చూడనా మేడమ్ అని."

"అంతవరకు ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ నెలలోనే కోరుకొండ మీ ఇంటికి వచ్చాను, మా అబ్బాయి ప్రేమ్‌కి నిన్ను అడగడానికి." ఆవిడ గొంతులో కసి లేదు. క్లాసులో పాఠం చెప్పే గొంతే. "స్టూడెంట్ అయితే రేపెక్కడికో పోయి ఏదైనా రాసుకుంటుంది. కోడలు రాయదు."

లావణ్య తండ్రి అచ్చిబాబు నాలుగెకరాల రైతు. ఆ రోజు వాకిట్లో ధాన్యం ఎండబోసి ఉంది. అంత పెద్ద ప్రొఫెసరమ్మ, వేరే మతం ఆవిడ, కట్నం మాటెత్తకుండా పళ్లెంలో పళ్లు పెట్టుకుని తనంతట తాను గుమ్మంలోకి వస్తే, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వాలో కుర్చీ వెయ్యాలో తోచక కంగారుపడ్డాడు. ఆ తర్వాత ఊళ్లో కనబడ్డ ప్రతివాడికీ, మా అమ్మాయి బుర్ర చూసి వచ్చారండీ అని చెప్పుకున్నాడు. ఆయన అన్నది నిజమే అయింది.

సంపూర్ణమ్మగారు మధ్యాహ్నం కునుకు తీసి కళ్లజోడు వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. కోడలూ మనవడి భార్యా ఎదురెదురుగా కూర్చుని ఉండడం చూసి, రొయ్యలు ఒలవడానికి ఇద్దరా, మా రోజుల్లో ఒక్కత్తినే బుట్టెడు ఒలిచేదాన్ని అంది.

"అత్తయ్యా, మీ తెల్లచీర ఒకసారి ఇలా ఇవ్వండి" అంది రత్నమాణిక్యం. "మరకలున్నది."

"ఇప్పుడెందుకే అది?"

"రేపు కట్టుకుందురుగాని."

ముసలావిడ నమ్మలేనట్టు చూసి, లోపలికెళ్లి పెట్టె అడుగునుంచి చీర తెచ్చింది. రత్నమాణిక్యం బేసిన్‌లో వేణ్నీళ్లు పోసింది. రబ్బరు తొడుగులు వేసుకుని, స్నానాలగది అరలోంచి తెచ్చిన సీసాలోని తెల్లటి పలుకులు రెండు చెంచాలు కలిపింది. డిగ్రీ పిల్లలు పర్మాంగనేటు రంగు విరగ్గొట్టడానికి వాడే ఆమ్లమే అది. చీర ముంచింది. పులుసులో పడ్డ బెల్లంలా మరకలు కరిగిపోయాయి. ఒక్కొక్కటీ పలచబడి, పసుపై, నీళ్లై, ఏమీ లేకుండా పోయాయి. ముసలావిడ వంగి చూస్తూ ఉండిపోయింది. రత్నమాణిక్యం చీరని రెండు మూడు నీళ్లలో జాడించి, సర్ఫు నీళ్లలో తిప్పి పిండింది.

"మాయల చెయ్యే నీది" అంది సంపూర్ణమ్మగారు. "ఆయన కొన్న ఆఖరి చీర రత్నం. ఆయన పోయినరోజు ఇదే కట్టుకుని పక్కన కూర్చుందామనుకున్నాను. మరకల చీరతో నలుగురిలో ఏం బాగుంటుందని మానేశాను. ఇంత తేలికా? అప్పుడే చెయ్యకపోయావా?"

"తీరిక లేదత్తయ్యా."

"అవునులే. ఎన్ని పనులు నీకు." ముసలావిడ తడిచీరని బిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని డాబా మీదికి ఆరెయ్యడానికి వెళ్లింది. రెండు మెట్లెక్కి ఆగి, నీ చెయ్యి మంచిదమ్మా అని మళ్లీ అంది.

రత్నమాణిక్యం తొడుగులు విప్పింది. "చూశావుగా. ఉంచాలనుకున్నంత కాలం ఉంటుంది మరక. తియ్యాలనుకుంటే పోతుంది. దానికంత గొడవ అక్కర్లేదు."

"పొడి ఉంది కదండీ" అంది లావణ్య. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మీ పొడి పరీక్షకిస్తే మాంగనీసు కనబడుతుంది. నేను రాస్తాను. కోడలు రాయదన్నారు. రాస్తుంది."

అప్పుడే వీధి తలుపు తీసుకుని ప్రేమ్ కుమార్ వచ్చాడు. కాకినాడ రేవులో గుమాస్తా ఉద్యోగం, శనివారాలు తొందరగా వస్తాడు. చేతిలో స్వీట్ల పెట్టె. మొహమంతా నవ్వు. తల్లి దగ్గరికి కాదు, నేరుగా భార్య దగ్గరికి వచ్చి పెట్టె విప్పాడు. పొద్దున్న అమ్మ ఫోన్ చేసి చెప్పిందని, నువ్వు చెబుతావేమోనని ఇంతసేపూ ఆగానని, ఆఫీసులో అందరికీ పంచానని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"ఏంటండీ చెప్పింది?"

"నీ పేపర్ అచ్చయిందంట కదా. మొదటి పేరు నీదే, అమ్మది చివర. ఆ పొడి అమ్మ తర్వాత మళ్లీ చేసి చూపించినదానివి ప్రపంచంలో నువ్వొక్కదానివేనంట."

లావణ్యకి పోయిన చలికాలం గుర్తొచ్చింది. మేడమ్ ఒక పేరులేని గొట్టం ఇచ్చి దీని వెలుగు కొలిచిపెట్టు అన్నారు. కొలిచింది. గ్రాఫులు గీసిచ్చింది. తర్వాత ఒక మెయిల్ వచ్చింది, నీ పేరు వేస్తున్నాం, ఓకేనా అని. గైడు అడిగితే ఏ స్టూడెంట్ అయినా ఏం చేస్తుంది? పూర్తిగా చదవకుండానే ఓకే కొట్టింది. ఆ కొలతలు తనవే. ఆ పొడి మాత్రం తన చెయ్యి చేసింది కాదు. చేసినట్టు ఇప్పుడు లోకమంతా అచ్చయింది.

రత్నమాణిక్యం కొడుకు చేతిలోంచి కాజా ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టింది. ప్రేమ్ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లేదాకా ఆగింది.

"ఇప్పుడు రాయి" అంది నెమ్మదిగా. "నా పేపరు పడాలంటే ముందు నీది పడాలి. నాకు రిటైర్‌మెంట్ దగ్గరకొచ్చింది. నాకేం, వరదలో పొరపాటు చేసిన ముసలిదాన్ని. నువ్వు చెయ్యని పొడిని చేశానని రాసినదానివి. నీకు డిగ్రీ ఉండదు, ఉద్యోగం ఉండదు. దుర్గాశ్రీకి మేత కొట్లోనైనా చోటుంది."

ఆవిడ లోపలికెళ్లి బీరువా తెరిచి, గాజుల పెట్టెంత చిన్న డబ్బా తెచ్చింది. దూది మధ్య గాజుగొట్టం, అడుగున వేలెడు పొడి. వరద వచ్చిన ఏడు చేసిన పొడిలో ఇదే మిగిలింది అంది. రేపు సభలో లైట్లన్నీ ఆర్పించి, దీపం కింద దీన్ని పెట్టి వెలిగించి చూపించేది నువ్వే. చేసినదానివి నువ్వే కదా. జాగ్రత్తగా నీ బ్యాగులో పెట్టుకో అని చెప్పింది.

లావణ్య డబ్బా తీసుకుంది. సరేనండి అత్తయ్యగారూ అంది. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు రత్నమాణిక్యం ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసి, రొయ్యలకి పసుపు పట్టించడానికి వెళ్లిపోయింది.

గదిలోకి వచ్చి లావణ్య మంచం మీద కూర్చుంది. బ్యాగులో చిన్న గుడ్డసంచీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో ఆమె మొట్టమొదట చేసిన పొడి. అలాంటిదే గాజుగొట్టం, అంతే తెల్లన. మూడుసార్లు మరిగించిన నీళ్లతో కడిగి, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి, ఊపిరి బిగబట్టి చేసింది. అది వెలగనిరోజు హాస్టల్ బాత్‌రూములో కొళాయి విప్పి ఏడ్చింది. రెండు గొట్టాలూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని కిటికీ వెలుతురులో చూసింది. పగటి వెలుగులో రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది అబద్ధమో ఏది నిజమో దేవుడికైనా దీపం ఉంటే తప్ప తెలియదు.

వరద పొడిని గుడ్డసంచీలో వేసి, సంచీని బ్యాగు అడుగున దోపింది. తన పొడిని దూది మధ్య పెట్టి డబ్బా మూసింది. రేపు అంతమందిలో వెలగకపోతే, ఎందుకు వెలగలేదో వాళ్లే అడుగుతారు. అడిగినప్పుడు తనకి చెప్పే చోటు దొరుకుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

ఎండ మండిపోతోంది. పలచటి వాయిల్ చీర, అరగంటలో ఆరిపోయింది. సంపూర్ణమ్మగారు అప్పుడే కట్టేసుకుని, పెళ్లికూతురిలా కొంగు సవరించుకుంటూ హాల్లోకి వచ్చింది. రేపు తనని వెనక వరసలో కూర్చోబెడతారని, అంత దూరం తనకి ఏమీ కనబడి చావదని, బుల్లి చేసిన ఆ వెలుగేదో ఇప్పుడే చూపించమని మనవడి వెంటపడింది. రేపు చూద్దురుగాని మామ్మగారూ అని లావణ్య గదిలోంచి అంది. రెండోసారి కూడా అంది.

"ఎంతసేపు, పాపం ముచ్చటపడుతోంది" అన్నాడు ప్రేమ్ కుమార్. గదిలోకి వచ్చి భార్య చేతిలోని డబ్బా చనువుగా లాక్కున్నాడు. తల్లి సభకి సర్దిన సంచీలోంచి ఆ దీపం తీశాడు. వెనకే వచ్చిన లావణ్య చూస్తుండగా హాల్లో కిటికీలు ఒక్కొక్కటే మూశాడు. వీధి తలుపు వేశాడు. గాజుగొట్టం ఎడంచేత్తో పట్టుకుని, దీపం ముసలావిడ చేతిలో పెట్టి, మీట ఎక్కడుందో ఆవిడ వేలు పట్టుకుని చూపించాడు.

రత్నమాణిక్యం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పసుపు చేతులు దూరంగా పెట్టుకుని ఉంది. ఆవిడ చూస్తున్నది గొట్టాన్ని కాదు. కోడలి చేతుల్ని.

మీట టక్కుమంది. దీపం ముసలావిడ చేతిలో ఒంటివైపు తిరిగి ఉండడంతో ముందుగా చీర వెలిగింది. సర్ఫు పట్టిన తెల్లగుడ్డ, ఒక్క మరకైనా లేకుండా, వెన్నెల పోసినట్టు నీలంగా. అబ్బ, నేనే వెలుగుతున్నానర్రా అని సంపూర్ణమ్మగారు చిన్నపిల్లలా నవ్వింది.

"చీర మీద కాదు అత్తయ్యా" అంది రత్నమాణిక్యం చీకట్లోంచి. "పొడి మీదికి తిప్పండి."